టీచరు చదివినది లెక్కకు రాదు: విద్యా జర్నల్ ప్రభావాన్ని కొలవడంలోని చిక్కులు

1998లో లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన పాల్ బ్లాక్, డిలన్ విలియం అనే ఇద్దరు పరిశోధకులు 'అసెస్‌మెంట్ ఇన్ ఎడ్యుకేషన్' అనే జర్నల్‌లో ఒక సుదీర్ఘమైన సమీక్షా వ్యాసం ప్రచురించారు. పాఠం నడుస్తుండగానే పిల్లలకు ఎంతవరకు అర్థమైందో కనిపెట్టి, దాన్నిబట్టి బోధన మార్చుకుంటే చదువు ఎంత మెరుగవుతుందన్నది వాళ్లు పట్టుకున్న ప్రశ్న. దానికోసం సుమారు 250 పరిశోధనలను వడపోశారు. అదే సారాన్ని టీచర్ల కోసం ఒక చిన్న రచనగా కూడా వెలువరించారు. ఈ పద్ధతికి పేరైన నిర్మాణాత్మక మూల్యాంకనం అన్న మాట ఇవాళ ఉపాధ్యాయ శిక్షణలో ఇంతగా వినపడటానికి ఆ రచనలు ఒక ముఖ్య కారణం.

అలాంటి వ్యాసం వల్ల ఒక జర్నల్ 'ఇంపాక్ట్ ఫ్యాక్టర్'కు, అంటే జర్నల్ ప్రభావాన్ని చెప్పడానికి అందరూ వాడే అంకెకు, ఏం కలిసొస్తుందో చూడండి. ఆ సూత్రం ప్రకారం 1998లో అచ్చయిన వ్యాసానికి 1999లోనూ 2000లోనూ వచ్చిన సైటేషన్లే, అంటే ఇతర వ్యాసాలు దాన్ని ఉదహరించిన సందర్భాలే లెక్క. ఆ తర్వాత ఇన్నేళ్లలో వేల మంది పరిశోధకులు దాన్ని ఉదహరించారు. అందులో ఒక్కటి కూడా ఆ అంకెలోకి చేరదు. దాన్ని చదివి, మర్నాడు తరగతిలో ప్రశ్న అడిగే తీరు మార్చుకున్న టీచరైతే ఏ సంవత్సరపు లెక్కలోనూ ఉండరు. టీచర్లు సైటేషన్లు రాయరు కదా.

విద్యా పరిశోధన మీద నాకున్న ఇష్టం వల్ల కావచ్చు, ఈ ఎడం నన్ను బాధపెడుతుంది. ఒక జర్నల్ ఎంత ప్రభావం చూపింది, దాని ప్రచురణల ధోరణి ఎటు మళ్లుతోంది అని అడిగితే మన ముందుకు వచ్చేవి మూడు నాలుగు అంకెలు, రెండు గ్రాఫులు. అవి అబద్ధాలు కావు. కాకపోతే అవి దేన్ని లెక్కిస్తాయో, దేన్ని వదిలేస్తాయో తెలిసినవాళ్లకే వాటిని చదవడం కుదురుతుంది.

లైబ్రరీ అవసరంలోంచి పుట్టిన అంకె

యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. ఒక పత్రాన్ని ఆ తర్వాత ఎవరెవరు ఉదహరించారో సూచికగా పేరిస్తే, ఒక భావన ఎక్కడ మొదలై ఎక్కడికి పాకిందో వెతుక్కోవచ్చన్నది దాని సారాంశం. 1960ల్లో అది సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌గా రూపు దాల్చింది. ఆ సూచికలో ఏ జర్నళ్లను చేర్చాలన్న ప్రశ్న వెంటనే వచ్చింది. మొత్తం సైటేషన్లు చూసి ఎంచుకుంటే ఏటా వందల వ్యాసాలు వేసే పెద్ద జర్నళ్లే పైకి తేలతాయి, చిన్నదైనా సత్తా ఉన్న జర్నల్ మరుగున పడుతుంది. అందుకని వ్యాసాల సంఖ్యతో భాగించారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పుట్టుక అంతే. 1970ల మధ్య నుంచి జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్ పేరుతో దాన్ని ఏటా ప్రకటిస్తున్నారు. ఏ జర్నల్‌కు చందా కట్టాలో తేల్చుకోవాల్సిన లైబ్రేరియన్లకు అది బాగా పనికొచ్చింది. ఒక అధ్యాపకురాలికి పదోన్నతి ఇవ్వాలా వద్దా అని తేల్చే పనికి దాన్ని ఎవరూ తయారు చేయలేదు. ఆ పని తర్వాత దాని నెత్తిన పడింది.

లెక్క సులువే. 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కావాలంటే, 2022, 2023ల్లో ఆ జర్నల్ ప్రచురించినవాటికి 2024లో వచ్చిన సైటేషన్లన్నీ కూడి, ఆ రెండేళ్లలో వచ్చిన పరిశోధన వ్యాసాలు, సమీక్షల సంఖ్యతో భాగించాలి. సంపాదకీయాలకు, ఉత్తరాలకు వచ్చిన సైటేషన్లు పైన కూడికలోకి వస్తాయి కానీ, అవి కింద భాగించే సంఖ్యలోకి రావు. ఈ చిన్న తేడా కొన్ని జర్నళ్లకు బాగానే కలిసొస్తుంది.

ఒక జర్నల్ రెండేళ్లలో 80 వ్యాసాలు వేసింది, వాటికి 240 సైటేషన్లు వచ్చాయి అనుకుందాం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 3. ఆ 80లో ఒకే ఒక్క సమీక్షా వ్యాసానికి 90 వచ్చాయనుకోండి. దాన్ని పక్కన పెడితే మిగతా 79 వ్యాసాలకు మిగిలింది 150, అంటే సగటున 1.9. అందులోనూ సగానికి పైగా వ్యాసాలకు ఒకటో సున్నానో వచ్చి ఉండొచ్చు. మూడు అన్న అంకె ఆ జర్నల్‌లోని ఏ ఒక్క వ్యాసం గురించీ మనకు ఏమీ చెప్పలేదు.

ఇది ఊహాజనితమైన ప్రమాదం కాదు. స్ఫటిక శాస్త్రానికి చెందిన 'ఆక్టా క్రిస్టలోగ్రాఫికా - ఎ' జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2008లో సుమారు 2 ఉండగా 2009లో దాదాపు 50కి ఎగిరింది. కారణం ఒకే ఒక్క వ్యాసం. స్ఫటిక నిర్మాణాలను తేల్చే ఒక సాఫ్ట్‌వేర్ చరిత్రను వివరించే ఆ వ్యాసాన్ని, ఆ సాఫ్ట్‌వేర్ వాడిన ప్రతివాళ్లూ ఉదహరించారు. అదే సంచికల్లో అచ్చయిన మిగతా రచయితలకూ ఆ 50 అన్న అంకె దక్కింది. సైటేషన్ల పంపిణీ ఎప్పుడూ ఇలా ఒకవైపు ఒరిగే ఉంటుందని నార్వే పరిశోధకుడు పెర్ సెగ్లెన్ 1992లోనే చూపించారు. ఆయన పరిశీలనలో ఎక్కువగా ఉదహరించబడిన 15 శాతం వ్యాసాలే మొత్తం సైటేషన్లలో సగాన్ని తెచ్చుకున్నాయి.

ఇక ఆ రెండేళ్ల గడువు. విద్యా రంగానికి ఇదే అసలు ముల్లు. ఒక బోధనా పద్ధతి పనిచేస్తుందో లేదో చూడాలంటే కనీసం ఒక విద్యా సంవత్సరం తరగతితో ఉండాలి. అంతకుముందు పాఠశాల అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం, నైతిక కమిటీ ఆమోదం కావాలి. తర్వాత ఇంటర్వ్యూలు రాతలోకి ఎక్కించి, విశ్లేషించి, రాసి పంపితే సమీక్షకుల చేతుల్లో నెలలు గడుస్తాయి. ఇవాళ అచ్చయిన వ్యాసాన్ని చదివి ఉత్సాహపడిన ఇంకో పరిశోధకురాలు ఇదే దారి మొత్తం నడిచి తన వ్యాసం అచ్చు వేయించేసరికి, మొదటి వ్యాసం గడువు ముగిసిపోయి ఉంటుంది. సైటేషన్ల వయసును చెప్పే ఇంకో కొలత ఉంది, దాన్ని సైటెడ్ హాఫ్-లైఫ్ అంటారు. ఒక జర్నల్‌కు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లలో సగం ఎన్నేళ్లలోపు వ్యాసాలకు వచ్చాయో అది చెబుతుంది. పాతుకుపోయిన విద్యా జర్నళ్లలో ఇది పదేళ్లు దాటడం అరుదేమీ కాదు. అంటే ఆ జర్నళ్లను నేటికీ నిలబెడుతున్న రచనల్లో అధిక భాగం ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు కనపడనే కనపడవు. 2007 నుంచి ఐదేళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా ఇస్తున్నారు. విద్యా జర్నల్‌కు అది కాస్త న్యాయంగా ఉంటుంది. అయినా ప్రచారంలో ముందు వరుసలో కనిపించేది రెండేళ్ల అంకే.

మిగతా కొలతల గురించి క్లుప్తంగా. స్కోపస్ అనే మరో సైటేషన్ సూచిక డేటాతో 2016 చివర్లో వచ్చిన సైట్‌స్కోర్ 2020 నుంచి నాలుగేళ్ల కిటికీని, అంటే లెక్కలోకి తీసుకునే కాలాన్ని వాడుతోంది. కాబట్టి ఒకే జర్నల్‌కు సైట్‌స్కోర్ పెద్దదిగా, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చిన్నదిగా కనిపించడం మామూలే, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఎస్‌జేఆర్ అనే కొలత సైటేషన్ ఎక్కణ్నుంచి వచ్చిందో చూసి దానికి బరువు కడుతుంది. ఎస్‌ఎన్‌ఐపీ ఆయా రంగాల అలవాటును సరిచేస్తుంది. అంటే సైటేషన్లు తక్కువగా ఇచ్చుకునే రంగంలో ఒక్కో సైటేషన్‌కు విలువ పెంచుతుంది. విద్య, వైద్యం లాంటి వేర్వేరు రంగాలను పోల్చాల్సి వస్తే ఇదే నయం. క్యూ1 నుంచి క్యూ4 వరకు ఉన్న నాలుగు శ్రేణులు ఒక వర్గంలోని జర్నళ్లను వరుసలో నిలబెట్టి నాలుగు ముక్కలు చేస్తే వచ్చేవి. విద్య, విద్యా మనోవిజ్ఞానం వేర్వేరు వర్గాలు. ఒకే జర్నల్ ఒకదాంట్లో క్యూ1, ఇంకోదాంట్లో క్యూ2 కావచ్చు. ఏ వర్గంలో క్యూ1 అన్నది చెప్పకుండా మాది క్యూ1 అంటే సగం సంగతే చెప్పినట్టు.

గ్రాఫు పైకి లేచినప్పుడు

ఈ పదేళ్లలో ఏ విద్యా జర్నల్ గ్రాఫు చూసినా 2020 తర్వాత ఒక నిటారైన మెట్టు కనిపించే అవకాశం ఎక్కువ. దాన్ని చూసి జర్నల్ నాణ్యత ఒక్కసారిగా పెరిగిందని రాసిన వార్షిక నివేదికలు చదివాను. ఆ మెట్టులో కనీసం మూడు వేర్వేరు కారణాలు కలగలిసి ఉన్నాయి.

మొదటిది కొలబద్దే మారడం. సంచికలో ఇంకా చోటు దొరకకుండా ఆన్‌లైన్‌లో ముందుగా వచ్చే వ్యాసాలు చేసే సైటేషన్లను కూడా 2020 లెక్కల నుంచి పైన కూడికలో చేర్చారు. దాంతో చాలా రంగాల్లో అంకెలు ఒకేసారి పెరిగాయి. ఊరంతా ఒక మెట్టు పైకెక్కితే ఎవరి ఎత్తూ పెరిగినట్టు కాదు.

రెండోది మహమ్మారి. యునెస్కో లెక్కల ప్రకారం 2020 వసంతంలో పాఠశాలల మూసివేత 190కి పైగా దేశాల్లో సుమారు 160 కోట్ల మంది విద్యార్థులను తాకింది. ఆన్‌లైన్ బోధన మీద అప్పటికే వ్యాసాలు వేసిన జర్నళ్ల వైపు ప్రపంచమంతా ఒక్కసారిగా చూసింది. ఆ ఏడాది తొందరగా వచ్చిన వ్యాసాలు ఒకదాన్నొకటి ఉదహరించుకున్నాయి. సరిగ్గా రెండేళ్ల కిటికీలో ఇమిడే సైటేషన్లు అవి. నెమ్మదిగా నడిచే రంగం ఒక్కసారి పరుగెత్తింది. ఆ పరుగు తగ్గాక అంకె కిందికి దిగితే అది జర్నల్ పతనం కాదు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక అదే దృశ్యం మళ్లీ మొదలైంది. తరగతి గదిలో దాని మంచిచెడ్డల మీద 2023 మొదట్లోనే వచ్చిన అభిప్రాయ వ్యాసాలు కొన్నింటికి ఏళ్ల తరబడి చేసిన క్షేత్ర పరిశోధనలకు ఎన్నడూ దక్కనన్ని సైటేషన్లు దక్కాయి. వాటిని తప్పు పట్టడం లేదు, ఆ సమయానికి మాట అవసరమే. కానీ ఒక జర్నల్ ప్రభావ గ్రాఫులో ఆ రెండు రకాల పనీ ఒకే గీతగా కలిసిపోతుంది.

మూడోది వరుసలో నిలబడేవాళ్లు మారడం. కొత్తగా ఎదుగుతున్న జర్నళ్ల కోసం 2015లో మొదలైన ఎమర్జింగ్ సోర్సెస్ సూచికలోని జర్నళ్లకు 2023 నుంచి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇస్తున్నారు. అప్పుడే మూడు దశాంశ స్థానాలను ఒకటికి కుదించారు. అంతకుముందు దశాంశాల తేడాతో ముందూ వెనకా నిలబడిన జర్నళ్లు ఇప్పుడు ఒకే స్థానాన్ని పంచుకుంటున్నాయి. జర్నల్ ఏమీ చేయకుండానే దాని ర్యాంకు మారవచ్చు. అందుకే ఏ ధోరణి గ్రాఫు చూపించినా, అదే వర్గంలోని మధ్యస్థ జర్నల్ గీతను పక్కన గీసి చూపించమని అడగాలి. రెండు గీతల మధ్య దూరమే ఆ జర్నల్ సొంత కథ.

రంగు బుడగల పటం

జర్నల్ ధోరణులను చెప్పే వ్యాసాల్లో ఇప్పుడు తప్పనిసరిగా కనిపించేది రంగురంగుల బుడగలు, వాటిని కలిపే గీతలు ఉన్న ఒక పటం. దాని వెనక పాత ఆలోచనలే ఉన్నాయి. రెండు వ్యాసాలు ఒకే పాత పత్రాన్ని ఉదహరిస్తే వాటి మధ్య చుట్టరికం ఉన్నట్టని కెస్లర్ 1963లో అన్నారు. రెండు పాత పత్రాలను కొత్త వ్యాసాలు తరచూ జంటగా ఉదహరిస్తుంటే ఆ రెండూ ఒక గూటివని 1973లో హెన్రీ స్మాల్ చెప్పారు. లైడెన్ విశ్వవిద్యాలయంలో తయారైన వాస్‌వ్యూయర్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఈ పటాలు గీయడం ఎవరికైనా గంటల పనైంది. ఒక జర్నల్ యాభై ఏళ్ల సంచికలను ఇలా పటంగా పరిస్తే చూడముచ్చటగా ఉంటుంది, ఒకప్పటి చర్చలు ఎక్కడ ఆగాయో, కొత్తవి ఎక్కడ మొలిచాయో నిజంగానే కనిపిస్తాయి.

అయితే పటం మాటలను లెక్కిస్తుంది, అర్థాలను కాదు. దూరవిద్య, ఈ-లెర్నింగ్, ఆన్‌లైన్ బోధన అన్నవి మూడు బుడగలుగా కనిపిస్తే అవి మూడు చింతనలా, ఒకే చింతనకు కాలాన్నిబట్టి పెట్టిన మూడు పేర్లా అన్నది సాఫ్ట్‌వేర్ తేల్చలేదు. ఆ రంగాన్ని చదివినవాళ్లే తేల్చాలి. ఇంకో సంగతి, ఆ పటంలో ఉన్నవి అచ్చయిన వ్యాసాలే. సంపాదకులు తిప్పి పంపినవేవో అందులో ఉండవు కాబట్టి, అది పరిశోధకుల ఆసక్తుల పటమా, సంపాదకుల అభిరుచుల పటమా అన్నది తేల్చి చెప్పలేం.

ప్రచురణల రకం గురించి ఇక్కడ కొంచెం ఆగాలి. 1976లో జీన్ గ్లాస్ 'ఎడ్యుకేషనల్ రీసెర్చర్'లో మెటా-అనాలిసిస్ అన్న పదాన్ని ప్రవేశపెట్టారు. విడివిడి అధ్యయనాల ఫలితాలను గణితపరంగా ఒకచోట చేర్చే ఆ పద్ధతి వైద్యంలో ఇవాళ ప్రాణాధారం, దాని పేరు పుట్టింది మాత్రం విద్యా పరిశోధనలో. ఈ రంగం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం ఇది. సమీక్షలకు, మెటా-అనాలిసిస్‌లకు సైటేషన్లు ఎక్కువ వస్తాయి, ఎందుకంటే ఒక్కటి ఉదహరిస్తే వంద చదివినంత పని తీరుతుంది. 1931 నుంచి వస్తున్న 'రివ్యూ ఆఫ్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్' సమీక్షలకే పరిమితమైన జర్నల్, అది ర్యాంకుల పట్టికలో పైన ఉండటంలో వింత లేదు. ఒకే బడిలో ఏడాది కూర్చుని రాసిన అధ్యయనాలు వేసే జర్నల్‌ను దాని పక్కన పెట్టి ఇది తక్కువ, అది ఎక్కువ అనడమే అన్యాయం. ఆ సమీక్షలకు ముడిసరుకు ఈ చిన్న అధ్యయనాల్లోంచే వస్తుంది. సమీక్ష అచ్చయ్యాక సైటేషన్లు దానికే పోతాయి, మూల అధ్యయనాలకు రావాల్సినవి ఆగిపోతాయి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన అంకె వేరే ఉంది. మేకెల్, ప్లకర్ అనే పరిశోధకులు 2014లో ర్యాంకుల్లో పైనున్న వంద విద్యా జర్నళ్ల ప్రచురణ చరిత్ర మొత్తం తిరగేసి, పాత అధ్యయనాన్ని మళ్లీ చేసి సరిచూసిన వ్యాసాలు ఎన్నో లెక్కించారు. 0.13 శాతం. వెయ్యి వ్యాసాల్లో ఒకటికి కాస్త ఎక్కువ. కొత్తదనానికే సైటేషన్లు వస్తాయి కాబట్టి సంపాదకులు కొత్తదనం అడుగుతారు, రచయితలు కొత్తదనం ఇస్తారు. పాతది నిజమో కాదో చూసే పని ఎవరికీ లాభం కాదు. కానీ ఆ పాతదాన్ని నమ్మి పాఠ్యప్రణాళికలు మారతాయి. ఫలితం ఏదైనా సరే, పరిశోధన ప్రణాళిక బాగుంటే ముందే అంగీకరించే 'రిజిస్టర్డ్ రిపోర్ట్' పద్ధతిని కొన్ని విద్యా జర్నళ్లు మొదలుపెట్టాయి. ఒక జర్నల్ ప్రచురణ ధోరణిని అంచనా వేసేటప్పుడు ఈ రకం వ్యాసాలు ఎన్ని వేసిందన్నది నేను ముందుగా వెతికే అంశం.

ఎవరు డబ్బు కడతారు, ఏ భాషలో రాస్తారు

పైన చెప్పిన జీన్ గ్లాసే 1993లో 'ఎడ్యుకేషన్ పాలసీ అనాలిసిస్ ఆర్కైవ్స్' అనే జర్నల్‌ను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదివేలా మొదలుపెట్టారు. ఓపెన్ యాక్సెస్ అన్న పేరుకు నిర్వచనం ఇచ్చిన బుడాపెస్ట్ ప్రకటన వచ్చింది 2002లో. అంటే విద్యా రంగం ఈ దారిలో దాదాపు దశాబ్దం ముందే నడిచింది. ఆ జర్నల్ ఇంగ్లీషుతో పాటు స్పానిష్, పోర్చుగీసుల్లోనూ వ్యాసాలు వేస్తుంది.

తర్వాత ఓపెన్ యాక్సెస్ రెండు పాయలైంది. ఒక పాయలో పాఠకుడికి ఉచితం, రచయిత మాత్రం ప్రచురణ రుసుము కట్టాలి. పెద్ద గ్రాంట్లు అరుదైన విద్యా పరిశోధనకు ఇది భారం, తన తరగతి మీద తనే పరిశోధన చేసుకునే టీచరుకైతే తలుపు మూసినట్టే. రెండో పాయ డైమండ్ ఓపెన్ యాక్సెస్, అందులో ఇద్దరికీ ఉచితం, ఖర్చు విశ్వవిద్యాలయమో సంఘమో భరిస్తుంది. 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఇలాంటి జర్నళ్లు ప్రపంచంలో 17,000 నుంచి 29,000 వరకు ఉండొచ్చని అంచనా వేసింది. వీటిలో చాలా వాటికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేదు, కాబట్టి ర్యాంకుల పట్టికలో ఇవి లేనట్టే లెక్క.

రుసుము పద్ధతిలో ఒక ప్రమాదం ఇమిడి ఉంది. ఎన్ని వ్యాసాలు వేస్తే అంత రాబడి. ప్రత్యేక సంచికల పేరుతో వ్యాసాల సంఖ్య కొన్నేళ్లలోనే ఎన్నో రెట్లు పెంచుకున్న జర్నళ్లను చాలా రంగాల్లో చూశాం. 2023 మార్చిలో, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కలకు ఆధారమైన వెబ్ ఆఫ్ సైన్స్ నాణ్యతా ప్రమాణాలు తప్పిన సుమారు 50 జర్నళ్లను తన సూచికలోంచి తీసేసింది. అదే ఏడాది ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్న పత్రాల సంఖ్య 10,000 దాటింది. కాబట్టి ఒక జర్నల్ ఏటా వేసే వ్యాసాలు ఉన్నట్టుండి రెట్టింపైతే దాన్ని ఎదుగుదలగా రాసే ముందు, సమీక్షకుల సంఖ్య కూడా రెట్టింపైందా అని ఒకసారి అడగాలి.

భాష సంగతి ఇంకా లోతైనది. అక్షరాలు కూడబలుక్కోవడంలో ఒక భాష పిల్లలు పడే ఇబ్బంది ఇంకో భాష పిల్లలు పడరు. ఆ ఇబ్బందిపై పరిశోధన ఆ భాష టీచర్లకే ముందు అవసరం. కానీ అది వాళ్ల భాషలో అచ్చయితే పెద్ద సూచికల్లో చోటు దొరకడం కష్టం, ఇంగ్లీషులో అచ్చయితే ఆ టీచర్లకు అందదు. బ్రెజిల్‌లో 1990ల చివర మొదలైన సైలో వేదిక స్పానిష్, పోర్చుగీసు జర్నళ్లకు సొంత సూచికను కట్టి ఈ ముడిని కొంత విప్పింది. స్థానిక భాషల్లో వచ్చే పరిశోధనకూ మూల్యాంకనంలో సమాన విలువ ఇవ్వాలని 2019లో హెల్సింకి ప్రకటన కోరింది.

పరీక్షల గురించి చెప్పిన మాటే

డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల్లో ఒక సూత్రం చెప్పారు. ఒక సంఖ్యను ఎంత ఎక్కువగా నిర్ణయాలకు వాడితే, ఆ సంఖ్య అంతగా చెడిపోతుంది, అది కొలవాల్సిన పనిని కూడా అంతగా చెడగొడుతుంది. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి బడి పరీక్షల మార్కులు. మార్కులే గురి అయినప్పుడు అవి చదువును కొలవడం మానేస్తాయన్నారు. ఈ మాటను విద్యా పరిశోధకులు దశాబ్దాలుగా తమ వ్యాసాల్లో నిరూపిస్తూ వచ్చారు. ఒక్క మార్కుతో పిల్లను తూచకూడదని రాసే ఆ వ్యాసాలనే ఒక్క అంకెతో తూచడం నాకు మింగుడుపడదు.

మార్పు లేకపోలేదు. 2012 చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకుని మరుసటి ఏడాది వెలువడిన డోరా ప్రకటన, వ్యక్తుల పనిని తూచడానికి జర్నల్ అంకెలు వాడొద్దని సూటిగా చెప్పింది. 2015 నాటి లైడెన్ మేనిఫెస్టో పది సూత్రాల్లో సంఖ్యలు నిపుణుల తీర్పుకు తోడుగా ఉండాలి తప్ప దాని స్థానం తీసుకోకూడదంది. బ్రిటన్‌లో జరిగే జాతీయ పరిశోధన మూల్యాంకనం విశ్వవిద్యాలయాలను తమ పరిశోధన బయటి ప్రపంచంలో ఏం మార్చిందో ఆధారాలతో కథనంగా రాయమంటుంది. 2014లో ఈ భాగానికి 20 శాతం విలువ ఉండగా 2021లో 25 శాతం చేశారు. ఇలాంటి కథనాల్లోనూ అతిశయం దొర్లవచ్చు, రాయడానికి సమయం కూడా చాలా పడుతుంది. అయినా ఒక పాఠ్యప్రణాళిక పత్రం, ఒక శిక్షణ మాన్యువల్ అక్కడ సాక్ష్యంగా నిలబడగలవు. సైటేషన్ సూచికలో వాటికి ఆ అవకాశమే లేదు.

రేపు ఎవరైనా ఒక విద్యా జర్నల్ పదేళ్ల నివేదిక నా ముందు పెడితే, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పక్కన సైటేషన్ల పంపిణీ గ్రాఫు అడుగుతాను. సైటెడ్ హాఫ్-లైఫ్ అడుగుతాను. ఎన్ని దేశాల రచయితలు రాశారో చెప్పడంతో సరిపెట్టకుండా, ఎన్ని దేశాల తరగతి గదుల్లో ఆ పరిశోధన జరిగిందో చెప్పమంటాను, ఆ రెండూ ఒకటి కావు. పాత ఫలితాలను సరిచూసిన వ్యాసాలు ఎన్నో, రుసుము కట్టలేని రచయితలకు ఏ దారి ఉంచారో అడుగుతాను. చివరగా, వ్యాసాలు టీచరుకు చేరడానికి ఏం చేశారో అడుగుతాను. 1970లో మొదలైన 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఎడ్యుకేషనల్ టెక్నాలజీ' తన వ్యాసాలకు వృత్తిలో ఉన్నవారి కోసం చిన్న గమనిక ఒకటి జత చేయిస్తుంది. ఈ విషయంపై ఇప్పటికే తెలిసింది ఏమిటి, ఈ వ్యాసం కొత్తగా చెప్పింది ఏమిటి, ఆచరణలో దీనివల్ల మారాల్సింది ఏమిటి. మూడో ప్రశ్న కింద రాసే ఆ రెండు మూడు వాక్యాలు ఏ టీచరు చేతిలో ఏ మార్పుకు దారితీశాయో చెప్పే పట్టిక ఇప్పటికి ఏ సూచికలోనూ లేదు.